రాజీనామా ఇచ్చే ముందు ఈ లెక్క చూసుకో

చిరంజీవికి పిన్ని ఆశీస్సులు.

నీ మెయిలు, దానితో పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. వరుసగా మూడు నెలలు సైటు మీద వచ్చినది నీ జీతాన్ని దాటింది కాబట్టి ఉద్యోగం మానేసి పూర్తిగా అఫిలియేట్ పనిలోకి, అంటే దుకాణాల వస్తువులకు సైటులో లింకులిచ్చి, వాటి ద్వారా ఎవరైనా కొంటే కమీషను తీసుకునే పనిలోకి, దిగుతానంటున్నావు. మీ అమ్మ వద్దంటోంది, అందుకని నన్ను అడుగుతున్నావు. నేను అవునంటే అది నీకు అండ, కాదంటే అక్కకు ఆయుధం. రెండింట్లో ఏదీ ఇప్పుడే ఇవ్వను. ముందు నువ్వు పంపిన అంకెల సంగతి చూద్దాం.

ఆ మూడు నెలలు ఏవో గమనించావా? అక్టోబరు, నవంబరు, డిసెంబరు. జనం ఇంట్లోకి వస్తువులు కొనే ఏ రంగంలోనైనా దాదాపుగా ఏడాదిలో బాగా అమ్ముడుపోయే కాలం అదే. ఆ నెలల్లో సాధారణమైన సైటు కూడా కళకళలాడుతుంది. జనవరిలో కొనేవాళ్లు తగ్గుతారు, డిసెంబరులో కొన్నవాళ్లు వస్తువులు తిరిగి పంపుతారు, దుకాణాలు ప్రకటనల ఖర్చు బిగిస్తాయి. నీ మూడు నెలల సగటును పన్నెండుతో గుణించి ఏడాది ఆదాయం ఇంత అని రాశావు చూడు, ఆ గుణకారాన్ని కొట్టేయి. మార్చి నుంచి ఆగస్టు దాకా నీ సైటు ఎలా ఉంటుందో ఇప్పటిదాకా నువ్వు చూడలేదు.

ఇక రెండో సంగతి. కమీషను లెక్క చూపే డాష్‌బోర్డులో కనిపించే అంకె ఒక అమ్మకం నమోదైందని మాత్రమే చెబుతుంది. కొన్నవాడు వస్తువు వెనక్కి పంపవచ్చు, ఆర్డరు రద్దు చేయవచ్చు, కార్డు చెల్లింపు విఫలం కావచ్చు. వాపసు గడువు దాటాక దుకాణం ఆ అమ్మకాన్ని ఆమోదిస్తుంది. ఆమోదించాక కూడా దుకాణానికీ నీకూ మధ్యవర్తిగా ఉండే నెట్‌వర్క్ తన తేదీ వచ్చినప్పుడు, అదీ నీ ఖాతాలో కనీస మొత్తం పోగై ఉంటేనే చెల్లిస్తుంది. అమెజాన్‌లో ఒక నెల కమీషను ఆ నెల ముగిసిన సుమారు 60 రోజులకు వస్తుంది. హోటల్ గదుల లాంటి వాటిలో కొన్నవాడు వెళ్లి బస చేసి వచ్చేదాకా కమీషను ఖాయం కాదు. నవంబరులో నువ్వు పంపిన మనిషి ఏప్రిల్‌లో ప్రయాణం పెట్టుకుంటే ఆ డబ్బు నీకు వేసవిలో అందుతుంది, ప్రయాణం మానుకుంటే అసలు అందదు.

అందుకని ఒక పట్టిక గీసుకో. అమ్మకం జరిగిన నెల ఒక్కో వరుస. మూడు గడులు: నమోదైనది, ఆమోదం పొందినది, బ్యాంకులో పడినది. ఒక్కో దుకాణం నడిపే అఫిలియేట్ కార్యక్రమానికి విడిగా రాయి, అన్నిటినీ కలిపేయకు. ఆరు నెలలు రాస్తే ఏ దుకాణంలో నమోదైనదానిలో ఎంత భాగం చివరికి నీ చేతికి వస్తోందో తెలుస్తుంది. దుస్తులు, చెప్పులు లాంటి వాటిలో వాపసులు ఎక్కువ కాబట్టి తేడా పెద్దగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చందాల్లో కమీషను శాతం ఊరించేలా ఉంటుంది గాని, ఉచిత గడువు ముగిశాక ఎంతమంది నిలబడ్డారన్నదే అసలు లెక్క. కాగితం మీద 30 శాతం ఇచ్చే కార్యక్రమం కన్నా 4 శాతం ఇచ్చేది ఎక్కువ తెచ్చిపెట్టడం నేను చాలాసార్లు చూశాను. ఈ పట్టిక లేకుండా ఎక్కువ శాతం ఇచ్చే దాని వెంట పరుగెత్తడం ఈ పనిలో అందరికీ ఉన్న జబ్బు.

ఖర్చు పెట్టేది మూడో గడిలోని డబ్బే. దానిలోనూ పన్ను వాటాను వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చేయి. ఉద్యోగంలో పన్ను కోసి మిగతాది చేతిలో పెట్టేవారు కాబట్టి నీకా అలవాటు లేదు. ఏడాది చివర పన్ను కట్టడానికి అప్పు చేసేవాళ్లలో తెలివైనవాళ్లూ ఉంటారు.

శాతాల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ విను. అమెజాన్ 1996లో తన అసోసియేట్స్ కార్యక్రమం మొదలుపెట్టింది. ఈ వృత్తిలో సగం మందికి మొదటి కమీషను అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అది అమెరికాలో చాలా విభాగాల రేట్లు కోసేసింది. ఫర్నిచరు, ఇంటి మరమ్మతు సామాను 8 శాతం నుంచి 3 శాతానికి, కిరాణా 5 శాతం నుంచి 1 శాతానికి దిగాయి. వారం రోజుల ముందు ఒక మెయిలు వచ్చింది, అంతే. ఆ విభాగాల మీదే బతుకుతున్న సైట్లలో ట్రాఫిక్, అంటే వచ్చే జనం, ఒక్క మనిషి కూడా తగ్గలేదు, సెర్చ్ ఫలితాల్లో వాటి ర్యాంకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఆదాయం మాత్రం సగానికన్నా కిందికి పోయింది. వాళ్లు ఒప్పందం ఉల్లంఘించారా అంటే లేదు. రేట్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చని ఆ ఒప్పందంలోనే ఉంటుంది. నీ నాలుగు కార్యక్రమాల ఒప్పందాల్లోనూ ఉంటుంది, తెరిచి చూడు. నీ ఆదాయంలో ఒకే దుకాణం వాటా సగం దాటితే, ఆ సగం ఎప్పుడైనా మూడో వంతు కావచ్చని లెక్కేసుకునే ఇంటి ఖర్చులు పెట్టుకోవాలి.

కుకీల గురించి నువ్వు అడిగావు. కుకీ అంటే ఆ మనిషి నీ లింకు నుంచి వచ్చాడని అతని బ్రౌజరులో ఉంచే చిన్న గుర్తు. ముప్పై రోజుల కుకీ అంటే ముప్పై రోజుల్లో ఆ మనిషి ఏది కొన్నా నీకు వస్తుందని కాదు. చాలా కార్యక్రమాల్లో చివరి క్లిక్కు ఎవరిదో వాళ్లకే కమీషను. నీ సమీక్ష చదివి, నీ లింకు నొక్కి వెళ్లి, డబ్బు కట్టే ముందు కూపను కోసం వెతికి ఇంకొకరి లింకు నొక్కితే నీ పని వాళ్ల ఖాతాలో పడుతుంది. కూపన్లు వెతికిపెట్టే బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లు కొన్ని ఇదే పనిని చెల్లింపు పేజీలోనే చేస్తాయి. దానికి తోడు సఫారీ బ్రౌజరు 2019 నుంచి పేజీలోని స్క్రిప్టు పెట్టిన కుకీలను 7 రోజులకు మించి ఉంచడం లేదు. అమెజాన్‌లో అయితే గడువే 24 గంటలు; ఆలోగా బుట్టలో వేసుకున్న వస్తువుకు మాత్రం ఇంకొంత కాలం ఉంటుంది. కాబట్టి వారాల తరబడి ఆలోచించి కొనే ఖరీదైన వస్తువుల మీద పేజీ రాసేటప్పుడు, అతను కొనే రోజున మళ్లీ నీ దగ్గరికి ఎందుకు రావాలి అన్న ప్రశ్నకు జవాబు ఆ పేజీలోనే ఉండాలి. రెండు నమూనాలను పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక, అమర్చుకునేటప్పుడు సరిచూసుకోవలసిన కొలతలు, విడిభాగాలు దేనికి ఏవి సరిపోతాయన్న వివరం — ఇలాంటివి జనాన్ని రెండోసారి రప్పిస్తాయి.

ఇప్పుడు సెర్చ్ సంగతి. నీ ట్రాఫిక్‌లో పదింట తొమ్మిది వంతులు గూగుల్ నుంచే వస్తోంది. అది నీకు గర్వంగా ఉన్నట్టుంది, నాకు మాత్రం భయంగా ఉంది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్లు సంవత్సరాలను, ఫలితాల వరుసను నిర్ణయించే పద్ధతిలో గూగుల్ చేసే మార్పుల పేర్లతో గుర్తుపెట్టుకుంటారు. 2003 నవంబరులో ఫ్లోరిడా అని పిలిచే మార్పు వచ్చింది. సరిగ్గా పండగ అమ్మకాల ముందు చిన్న దుకాణాలు, అఫిలియేట్లు ఫలితాల్లోంచి మాయమయ్యారు. 2011 ఫిబ్రవరిలో పాండా వచ్చి పలచటి వ్యాసాలను గుట్టలుగా పోసిన సైట్లను దించింది. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ కొనుక్కున్న లింకుల పని పట్టింది. 2018 ఆగస్టు మార్పుతో ఆరోగ్యం, డబ్బు విషయాలు రాసేవాళ్లు బాగా దెబ్బతిన్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రత్యేకించి వస్తువుల సమీక్షల మీద ఒక మార్పు వచ్చింది: వస్తువును నిజంగా వాడి చూశారా, సొంత ఫొటోలు, కొలతలు ఉన్నాయా అన్నది అప్పటి నుంచి పైకే చెబుతున్నారు. 2023 సెప్టెంబరు మార్పు చిన్న స్వతంత్ర సైట్లను ఎంతగా ముంచిందంటే, చాలామంది ఆ దెబ్బకు వృత్తే మానేశారు. 2024 మార్చి మార్పు పూర్తవడానికి 45 రోజులు పట్టింది. అదే సంవత్సరం మే నెలలో ఫలితాల పైన ఏఐ రాసిన జవాబులు అమెరికాలో మొదలై, తరువాత మిగతా దేశాలకు పాకాయి.

వీటన్నిటినీ వరుసగా చూస్తే దిశ ఒకటే కనిపిస్తుంది. లింకు తగిలించడానికి తప్ప మరెందుకూ పనికిరాని పేజీకి ఏటేటా చోటు తగ్గుతోంది. కానీ దీన్ని బట్టి, మంచిగా రాసేవాడు ఎప్పుడూ నిలబడతాడని నీకు ఎవరైనా చెబితే నమ్మకు. 2023లో పడిపోయిన వాటిలో వస్తువులు కొని, విప్పి, తూచి, కొలిచి రాసిన సైట్లు నాకు తెలుసు. కొన్ని తేరుకోలేదు. అదే ప్రశ్నకు పెద్ద పత్రికల సైట్లలో ఎవరూ వాడి చూడకుండా రాసిన జాబితాలు పైకి వచ్చాయి. 2024లో గూగుల్ పేరున్న సైటులో బయటివాళ్లు పెట్టే అలాంటి అద్దె పేజీల మీద కూడా నిబంధన తెచ్చింది గాని, అప్పటికి పోయినవాళ్లు పోయారు. ర్యాంకు పడితే తప్పు నీదేనని తలవంచుకోకు, ర్యాంకు వస్తే ఒప్పంతా నీదేనని తలెగరేయకు.

పడిపోయిన రోజున ఏం చేయాలో మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఆ రోజు చేతులు వణుకుతాయి. శీర్షికలు మార్చేయాలని, సగం పేజీలు తొలగించాలని, థీమ్ మార్చాలని అనిపిస్తుంది. ఏదీ ముట్టుకోకు. పెద్ద మార్పులు పూర్తిగా పరుచుకోవడానికి సాధారణంగా రెండు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ సమయంలో నువ్వు చేయవలసింది రోగం ఎక్కడుందో తేల్చుకోవడం.

ముందు పడింది ట్రాఫికా, లెక్కపెట్టే పరికరమా చూడు. థీమ్‌ను అప్‌డేట్ చేసినప్పుడు వచ్చేవాళ్లను లెక్కపెట్టే అనలిటిక్స్ కోడు ఎగిరిపోవడం మామూలే. సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్ ఫలితాల్లో నీ సైటు లెక్కలను గూగులే చూపే చోటు) క్లిక్కులు మామూలుగానే ఉంటే నీ సైటుకు ఏమీ కాలేదు, కొలత చెడింది. అక్కడ కూడా తగ్గితే నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టుకో: ఫలితాల్లో కనిపించిన సార్లు, క్లిక్కులు, క్లిక్కుల శాతం, సగటు స్థానం. కనిపించిన సార్లు తగ్గి, స్థానం అలాగే ఉంటే జనం ఆ మాటను వెతకడమే తగ్గింది. గూగుల్ ట్రెండ్స్‌లో చూస్తే అది నిర్ధారణ అవుతుంది, చాలాసార్లు అది కేవలం రుతువు. కనిపించిన సార్లు, స్థానం రెండూ అలాగే ఉండి క్లిక్కులు మాత్రమే పడితే ఫలితాల పేజీ మారింది. నీ పైన కొత్తగా ప్రకటనలో, వస్తువుల బొమ్మల వరుసో, ఏఐ జవాబో వచ్చి కూర్చుంది. స్థానమే పడితే, అప్పుడు అది నిజంగా ర్యాంకు సమస్య. అది అన్ని పేజీలకూ పడిందా, ఒక రకం పేజీలకేనా అని విడదీయి. కొన్ని పేజీలు పూర్తిగా సున్నా అయితే అవి ఇండెక్స్‌లో (గూగుల్ దాచుకున్న పేజీల జాబితాలో) ఉన్నాయో లేవో చూడు; ఏ పేజీలు చూడవచ్చో గూగుల్ కు చెప్పే రోబోట్స్ ఫైలులో ఒక్క గీత తప్పు పడినా, సెర్చ్ కు కనిపించవద్దన్న గడిలో పొరపాటున టిక్కు పెట్టినా సైటు మొత్తం పోతుంది.

సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే ఉంచుతుంది. అంతకన్నా పాతవి కావాలంటే నువ్వే దాచుకోవాలి. ప్రతి నెలా దింపుకుని పెట్టుకో. రెండేళ్ల తరువాత ఇదే ఫిబ్రవరి ఎలా ఉండేదో చూసుకోవడానికి వేరే దారి ఉండదు.

పేజీలు రాసే పని గురించి నీకు పెద్దగా చెప్పనక్కర్లేదు, నీ చేతికి రాయడం వచ్చు. ఒకటి రెండు మాటలు మాత్రం. కీవర్డు సాధనాలు చూపించే నెలవారీ వెతుకులాటల సంఖ్య అంచనాయే. సున్నా అని చూపించిన ప్రశ్నలకు రోజూ మనుషులు వస్తుండటం నీకూ త్వరలో తెలుస్తుంది. సంఖ్యకన్నా ముందు ఆ మాటను నువ్వే వెతికి ఫలితాల పేజీని కళ్లతో చూడు. మొదటి పదిలో అన్నీ దుకాణాలే ఉంటే వెతికేవాడు కొనేయడానికి సిద్ధంగా ఉన్నాడు, నీ వ్యాసం అతనికి అడ్డు. అన్నీ వీడియోలే ఉంటే చూపించమంటున్నాడు, చదవనంటున్నాడు. ఒక్క వాక్యంలో జవాబు అయిపోయే ప్రశ్నలను వదిలేయి, వాటికి ఫలితాల పేజీలోనే జవాబు దొరుకుతోంది, నీదాకా ఎవరూ రారు. నీకు మిగిలేవి తేల్చుకోలేక తిరుగుతున్న మనిషి అడిగే ప్రశ్నలు. ఫలానా రెండింట్లో ఏది, నా అవసరానికి పెద్దది కావాలా చిన్నది చాలా, పాతది అమ్మేసి కొత్తది కొనాలా. వీటికి జవాబు చెప్పాలంటే వస్తువు చేతిలో ఉండాలి.

ప్రతి సమీక్షలోనూ ఈ వస్తువు ఎవరు కొనకూడదో రాయి. దానివల్ల అమ్మకాలు తగ్గుతాయని నీ మెయిల్లో సందేహపడ్డావు. కొనకూడనివాడు కొంటే వెనక్కి పంపుతాడు, నీ కమీషనూ వెనక్కి పోతుంది. ఆ పట్టిక రాస్తే ఇది నీకే అంకెల్లో కనిపిస్తుంది.

పాత పేజీలకు వారంలో రెండు రోజులు కేటాయించు. కొత్తవి రాయడంలో ఉండే ఉత్సాహం పాతవి దిద్దడంలో ఉండదు, అందుకే ఎవరూ చేయరు. నీ లింకుల్లో కొన్ని ఇప్పటికే తయారీ ఆగిపోయిన నమూనాల దగ్గరికి పోతున్నాయి, నిన్న రాత్రి నేనే నొక్కి చూశాను. స్టాకు లేని పేజీకి మనిషిని పంపితే అతనికి కోపం, నీకు సున్నా. ధరను అంకెల్లో రాసిపెట్టడం కూడా మానుకో. రెండు వారాల్లో అది అబద్ధం అవుతుంది, కొన్ని కార్యక్రమాలు దాన్ని నిషేధిస్తాయి కూడా. సైటు మొత్తం మీద చచ్చిన లింకులు వెతికిపెట్టే సాధనాలున్నాయి, నెలకోసారి నడుపు.

వందలాది పేజీలు ఏఐతో రాయించి వదిలితే ఎలా ఉంటుందని అడిగావు. 2024 మార్చిలో గూగుల్ తెచ్చిన స్పామ్ నిబంధనల్లో ఒకటి దాని గురించే. మనిషి రాశాడా యంత్రం రాసిందా అన్నది వాళ్లకు పట్టదు, ర్యాంకుల కోసమే గుట్టలుగా పోశావా అన్నదే చూస్తారు. కొలతలు వరుసలో పెట్టడానికి, అక్షరదోషాలు పట్టడానికి దాన్ని వాడుకో. వాడి చూశాను అన్న మాట మాత్రం దానితో రాయించకు, అది ఏదీ వాడి చూడలేదు.

లింకులు అమ్ముతామని వచ్చే మెయిళ్లను చదవకుండా తీసేయి. ఎవరైనా డబ్బిచ్చి నీ సైటులో లింకు అడిగితే, ఇవ్వదలచుకుంటే డబ్బు తీసుకుని ఇచ్చిన లింకని సెర్చ్ కు చెప్పే స్పాన్సర్డ్ అన్న గుర్తు కోడులో పెట్టే ఇవ్వు. 2019 నుంచి అందుకోసమే అది ఉంది. గడువు తీరిన పాత డొమైన్లు (సైటు చిరునామాలు) కొని వాటి పరపతి మీద కొత్త సరుకు పెట్టే ఉపాయం కూడా అదే 2024 నిబంధనల్లో చిక్కింది. దాని మీద సమయం వృథా చేయకు.

డబ్బిచ్చి ప్రకటనలు వేసి అఫిలియేట్ లింకులకు మనుషుల్ని పంపే పని వేరే వృత్తి అనుకో. కొందరు అందులో చాలా సంపాదిస్తారు. మొదలుపెట్టే ముందు ఒక లెక్క చాలు: వంద క్లిక్కుల్లో ఇద్దరు కొంటే, ఒక అమ్మకంపై కమీషను ఒక క్లిక్కు ఖర్చుకు యాభై రెట్లు ఉంటే పెట్టింది పెట్టినట్టు వస్తుంది, లాభం ఆ పైన మొదలవుతుంది. క్లిక్కు డబ్బు నువ్వు ఇప్పుడే కట్టాలి, కమీషను రెండు మూడు నెలలకు వస్తుంది. అంటే వ్యాపారం లాభంలో ఉన్నా చేతిలో డబ్బు లేక ఆగిపోవచ్చు. ఇంకొకటి, దుకాణం సొంత పేరు మీద ప్రకటన వేయడం చాలా ఒప్పందాల్లో నిషేధం. ఆ పేరు వెతికేవాడు ఎలాగూ అక్కడికే వెళ్తున్నాడు, మధ్యలో నువ్వు వాటా అడిగితే వాళ్లెందుకు ఊరుకుంటారు? పట్టుకుంటే ఖాతాతో పాటు చెల్లించని కమీషను మొత్తం పోతుంది.

నిజాయితీ గురించి ఉపన్యాసం ఇవ్వను, నియమం చెబుతాను. ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషను వస్తుందని మొదటి లింకుకు పైనే, సాదా మాటల్లో, మామూలు సైజు అక్షరాల్లో రాయి. పేజీ అడుగున బూడిద రంగులో రాస్తే రాయనట్టే. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే తన మార్గదర్శకాల్లో ఇలాంటి సంబంధాలను బయటపెట్టాలని స్పష్టం చేసింది, తరువాత చాలా దేశాలు ఆ దారిలోనే నడిచాయి. నీ పాఠకులు ఏ దేశాల్లో ఎక్కువగా ఉన్నారో చూసి అక్కడి నియమాలు చదువుకో. సొంత లింకుతో నువ్వే కొనుక్కోవడం, ఇంట్లోవాళ్ల చేత కొనిపించడం వద్దు. ఎవరూ నొక్కకుండానే పాఠకుడి బ్రౌజరులో కుకీ దూర్చే పద్ధతులు నేర్పుతామని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయి. ఈబే 2008లో దీని మీదే తన పెద్ద అఫిలియేట్ల మీద కోర్టుకు వెళ్లింది. వాళ్లలో ఇద్దరు నేరం ఒప్పుకుని 2014లో జైలుశిక్ష అనుభవించవలసి వచ్చింది.

రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కూర్చున్నచోటే డబ్బు వస్తుందని ఎవరో నీకు చెప్పారు. చెప్పినవాడు అదే మాట చెప్పే కోర్సు అమ్ముతుంటాడు, చూసుకో. ఈ పనిలో పై అధికారి లేడు, అంటే పని అయిపోయిందని చెప్పేవాడు కూడా లేడు. మొదటి ఏడాది ఫోనులో డాష్‌బోర్డు యాప్ పెట్టుకోకు. ఉదయాన్నే ఆ అంకె చూస్తే మంచిదైనా చెడ్డదైనా ఆ పూట పని పోతుంది. పైగా ఆ రోజు అంకె ఆ రోజుకు పూర్తిగా నమోదు కూడా కాదు. రాసే పని, వస్తువులు పరీక్షించే పని ముందు చేసుకుని, సాయంత్రం ఒక్కసారి చూడు. ఈ సోమవారాన్ని పోయిన సోమవారంతో పోల్చు, నిన్నటి ఆదివారంతో పోల్చకు.

ఇంట్లో ఉంటావు కాబట్టి ఖాళీగా ఉన్నావని అందరూ అనుకుంటారు. మీ అమ్మ కూడా. తలుపు వేసుకునే గది, గడియారం చూసి పాటించే వేళలు ఉంటే ఆ అపోహ కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇదే పనిలో, నీకు పోటీ కాని అంశాల మీద పనిచేసే ఇద్దరు ముగ్గురిని సంపాదించుకో. ఏ నెట్‌వర్క్ చెల్లింపులు ఆలస్యం చేస్తోందో, ఏ దుకాణం ఉన్నట్టుండి వాపసుల శాతం పెంచి చూపుతోందో వాళ్ల దగ్గర తెలిసినంత త్వరగా ఇంకెక్కడా తెలియదు. చెల్లింపు ఒక నెల ఆలస్యమైతే అడుగు, రెండో నెల కూడా ఆలస్యమైతే ఆ లింకులు తీసేసి వేరేవి పెట్టు. మర్యాదకు పోయి మూడో నెల దాకా ఆగినవాళ్లు మొత్తం పోగొట్టుకున్నారు.

డొమైన్ నీ పేరు మీదే ఉండాలి, నీ సొంత మెయిలుతో, రెండంచెల లాగిన్‌తో. పునరుద్ధరణ తేదీ క్యాలెండరులో రాసుకో, హోస్టింగ్ వాళ్ల దగ్గర కాకుండా వేరేచోట ఒక బ్యాకప్ ఉంచుకో. ఇవి నీకు తెలుసని నాకు తెలుసు. చేశావా అన్నది నా ప్రశ్న.

పాఠకుల మెయిలు జాబితా ఈ నెలే మొదలుపెట్టు. ర్యాంకుతో సంబంధం లేకుండా నువ్వు చేరగలిగే మనుషులు వాళ్లే. మొదటి ఏడాది దాని నుంచి డబ్బు రాదు, రాకపోయినా నడుపు. ఒక జాగ్రత్త: కొన్ని కార్యక్రమాలు మెయిలులో నేరుగా అఫిలియేట్ లింకు పెట్టనివ్వవు. పేజీ లింకు పంపితే సరిపోతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. ఉద్యోగం ఆగస్టు దాకా మానకు. అప్పటికి ఆ పట్టికలో మూడో గడి, అంటే బ్యాంకులో నిజంగా పడినది, అమ్మకాలు మందకొడిగా ఉన్న నెలల్లో కూడా నీ ఇంటి ఖర్చును దాటాలి. నీ జీతాన్ని దాటనక్కర్లేదు. ఒక్క పైసా రాకపోయినా ఏడాది గడిచే డబ్బు పక్కన ఉండాలి. ఒకే దుకాణం వాటా సగానికి దిగాలి. ఈ మూడూ జరిగితే మీ అమ్మతో నేను మాట్లాడతాను, ఆ పూచీ నాది. రెండే జరిగితే ఉద్యోగంలో వారానికి మూడు రోజులు పనిచేసే వీలుందేమో అడుగు. మన వృత్తిలో చాలామంది పైకి చెప్పుకోరు గాని ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చారు. ఒక్కటే జరిగితే ఇంకో ఏడాది ఆగు.

నీ మెయిల్లో చివర ఒక కొత్త కార్యక్రమంలో చేరబోతున్నానని, వాళ్లు మామూలుకన్నా రెట్టింపు కమీషను ఇస్తామన్నారని రాశావు. ఆ ఒప్పందాన్ని సంతకం చేసే ముందు నాకు పంపు. వాపసు గడువు ఎన్ని రోజులు, కనీస చెల్లింపు ఎంత, కార్యక్రమం ఆపేస్తే అప్పటిదాకా పోగైన కమీషను ఇస్తారా ఇవ్వరా అన్న మూడు చోట్ల గుర్తు పెట్టి పంపు. ఆదివారం లోగా చదివి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ పిన్ని